గాయము కానరాని నొప్పి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



25 సంవత్సరములు ఒక గ్రామ గ్రంథాలయమును నిలుపుట సామాన్య కార్యము కాదు. పుస్తకములు కొనుటకు ధనము చాలును. వానిని చదువువారిని దినదినము చేర్చుకొనుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పు చూపిన పెద్దలందరికిని కృతజ్ఞతలు తెలుపుచు, నాకు కేటాయించిన కాలములో ఒక వ్యాధిని గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని. ఉత్సవ సమయమున రోగముల ముచ్చట యేల అని కొందరు అనుకొనవచ్చును. అయితే ఈ వ్యాధి కంటికి కానరాదు, రక్తపరీక్షలో పట్టుబడదు, ఎక్స్‌రే చిత్రములో జాడ చూపదు. రోగి పక్కనే కాపురముండువారికి సైతము దీనిని తెలిసికొనుటకు చదువు తప్ప వేరు దారి లేదు. కావున గ్రంథాలయ వేదికయే దీనికి తగిన చోటని నా అభిప్రాయము. ఈ వ్యాధి పేరు ఫైబ్రోమయాల్జియా.

ముందుగా దాని లక్షణములు చెప్పెదను. నెలల తరబడి ఒళ్ళంతయు నొప్పులు. మెడ, భుజములు, నడుము, తుంటి, తొడలు, ఒకనాడు ఇక్కడ ఎక్కువ, మరునాడు అక్కడ ఎక్కువ. రాత్రి యెంతసేపు పండుకొన్నను, తెల్లవారి లేచునప్పటికి నిద్రయే పోనట్లుండును. ఏ వస్తువు కొరకు లోపలికి వచ్చితిమో ఆ వస్తువే గుర్తునకు రాదు. గాజులు తొడిగించుకొన్నను, బిడ్డ ఒడిలో బరువుగా కూర్చున్నను, ఇతరులకు నొప్పియే కానిది వీరికి నొప్పి యగును. కొందరికి పెద్ద చప్పుడును, మిక్కిలి వెలుతురును గూడ దుస్సహములు. ప్రపంచమున పెద్దవారిలో నూటికి ఇద్దరు మొదలు నలుగురి వరకు దీనితో బాధపడుచున్నారని వైద్యుల అంచనా. వేయిమంది పెద్దవారున్న ఊరిలో ఆ లెక్కను 20 మందికి తక్కువ కారు. స్త్రీలలో ఎక్కువగా కనబడుచున్నది గాని పురుషులకు రాకపోలేదు.

ఇట్టివారి గతి ఇండ్లలో ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. పట్టణమునకు తీసికొనిపోయి పరీక్షలు చేయింతురు. ఫలితములన్నియు సరిగానే వచ్చును. "ఏమియు లేదన్నారు గదా! ఇంకను ఈ మూలుగు ఏమిటి?" అని ఇంటిలో ప్రశ్న పుట్టును. పని తప్పించుకొనుటకు వేసిన వేషమని ఒకరు, గాలి సోకినదని మరియొకరు, నరముల బలహీనత యని వేరొకరు అందురు. పిదప బలమునకని సెలైను సీసాలు, నొప్పికని సూదిమందులు, మరల కొత్త ఊరిలో కొత్త పరీక్షలు. అప్పు పెరుగును, నొప్పి తగ్గదు. ధనము పోయినచో ఎప్పటికైన సంపాదింపవచ్చును గాని, తన ఇంటిలో తన మాటను నమ్మువారు లేకపోయినచో ఆ మనిషికి మిగులునది యేమి? నేడు నేను చెప్పబోవు శాస్త్ర విషయమంతయు ఈ ఒక్క ప్రశ్న కొరకే.

ఈ వ్యాధి కొత్తది కాదు. లండనులో సర్ విలియం గవర్స్ అను నరముల వైద్యుడు 1904వ సంవత్సరమున నడుమునొప్పిని గూర్చి ఉపన్యసించుచు, కండరముల నారపోగులు వాచుటచే ఇట్టి నొప్పులు కలుగునని భావించి దీనికి ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టెను. ఆ పేరునకు నారపోగుల వాపు అని అర్థము. పిమ్మట అనేకులు ఆ వాపును కండరములలో వెదకిరి. అది కనబడలేదు. అందుచే 1976లో పేరును ఫైబ్రోమయాల్జియాగా మార్చిరి. ఈ పదమునకు నారపోగుల యందును కండరముల యందును నొప్పి యని మాత్రమే అర్థము. పేరులోనుండి వాపు తొలగినది. అయితే వాపు లేనిచోట, గాయము లేనిచోట నొప్పి యెట్లు పుట్టును? ఈ చిక్కు విడుటకు నొప్పి యనగా నేమో మొదట తెలిసికొనవలెను.

గాయమెంతయో నొప్పియు అంతయే యని మనము సాధారణముగా తలంతుము. ఇది పూర్తిగా నిజము కాదు. రెండవ ప్రపంచయుద్ధములో ఇటలీ రణరంగమున పనిచేసిన హెన్రీ బీచర్ అను అమెరికా వైద్యుడు, ఘోరముగా గాయపడిన సైనికులను ప్రశ్నించి 1946లో ఒక వ్యాసము ప్రకటించెను. వారిలో దాదాపు నలుగురిలో ముగ్గురు తమకు నొప్పిమందు అక్కరలేదనిరి. ఎముకలు విరిగినవారు, కడుపు చీలినవారు సైతము వారిలో నుండిరి. పెద్ద గాయమునకు చిన్న నొప్పి యుండగలిగినచో, చిన్న కారణమునకు పెద్ద నొప్పి యుండుటయు సాధ్యమే గదా!

దీనికి కారణము నరముల ఏర్పాటులో నున్నది. చర్మమునుండియు కండరములనుండియు బయలుదేరిన వార్త మొదట వెన్నుపామును చేరును. అచ్చటినుండి మెదడునకు పోవును. మెదడు దానిని పరిశీలించి నొప్పిగా అనుభవమునకు తెచ్చును. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతమును ప్రతిపాదించిరి. వెన్నుపాములో కాలువ తూమువంటి ఏర్పాటొకటి కలదనియు, అది తెరచినచో వార్త పైకి పారుననియు, మూసినచో తగ్గుననియు, ఆ తూమును మెదడే పైనుండి కొంత నడుపుననియు వారి వాదము. వారు చెప్పిన వివరములలో కొన్ని తరువాత మారినవి గాని, మూలభావము నిలిచినది. నొప్పి కేవలము గాయము పంపిన ఉత్తరము కాదు. దారిలో దానిని తగ్గించుటయు హెచ్చించుటయు జరుగుచునే యుండును.

ఈ సభలో నా యెదుటనున్న మైకును చూడుడు. నేను మెల్లగా మాట్లాడినను, అచ్చట కూర్చున్న కుర్రవాడు మరను పూర్తిగా త్రిప్పినచో నా గుసగుస ఉరుమువలె వినబడును. ఆ చప్పుడు అబద్ధమా? కాదు. మీ చెవులు నిజముగనే నొచ్చును. తప్పు నా గొంతులో లేదు. మీ చెవులలో లేదు. మధ్యనున్న యంత్రపు మరలో నున్నది. ఫైబ్రోమయాల్జియా రోగి నాడీమండలములో జరుగునది ప్రధానముగా ఇట్టిదే. నొప్పి వార్తలు దారిలోనే పెద్దవగుచున్నవి. ఇట్టి నొప్పికి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము 2017లో నోసిప్లాస్టిక్ అను ప్రత్యేక తరగతిని ఏర్పరచినది. దెబ్బ వలని నొప్పి ఒక తరగతి, నరము చెడుట వలని నొప్పి రెండవది, నొప్పి వార్తను నడుపు పద్ధతియే మారుట వలని నొప్పి ఈ మూడవది.

ఈ మాటకు రుజువేమి అని మీరు అడుగవచ్చును. తప్పక అడుగవలెను. అమెరికాలో రిచర్డ్ గ్రేస్లీయు ఆయన సహచరులును 2002లో ప్రకటించిన పరీక్ష మిక్కిలి తేటయైనది. వారు 16 మంది రోగులను, 16 మంది ఆరోగ్యవంతులను ఎన్నుకొనిరి. ఒక్కొక్కరి బొటనవ్రేలి గోటిపై కొలిచిన ఒత్తిడి పెట్టుచు, అదే సమయమున మెదడును ఎం.ఆర్.ఐ. యంత్రముతో చూచిరి. ఆరోగ్యవంతులకు చదరపు సెంటీమీటరునకు 4 కిలోలకు మించిన ఒత్తిడి పెట్టిన గాని కలుగని నొప్పి, రోగులకు సుమారు రెండున్నర కిలోలకే కలిగెను. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఆ తక్కువ ఒత్తిడికి రోగుల మెదడులో నొప్పికి సంబంధించిన అనేక భాగములు పనిచేయుట ఆరంభించెను. ఆరోగ్యవంతులకు అదే ఒత్తిడి పెట్టినప్పుడు ఆ భాగములు దాదాపుగా నిశ్శబ్దముగా నుండెను. నోటితో అబద్ధమాడవచ్చును గాని, మెదడులోని రక్తప్రవాహముచే అబద్ధమాడించుట ఎవరి తరము? నొప్పి యున్నదన్న రోగి మాటకు ఇది సాక్ష్యము.

ఇక మర హెచ్చుటకు కారణములు. ఇప్పటివరకు తేలినవి ముఖ్యముగా మూడు. మొదటిది, వార్త వెంట వార్త వచ్చుకొలది వెన్నుపాము మరింత మేల్కొనుట. ఒకే వేడి స్పర్శను కొద్ది సెకండ్ల ఎడముతో మాటిమాటికి తగిలించినప్పుడు, రోగులకు ఒకదానికంటె ఒకటి ఎక్కువగా నొచ్చుననియు, స్పర్శ ఆగిన తరువాత గూడ ఆ నొప్పి చాలసేపు నిలుచుననియు రోలాండ్ స్టాడ్, డొనాల్డ్ ప్రైస్ మొదలగువారు 2001లో చూపిరి. రెండవది, పైనుండి తూమును మూయవలసిన శక్తి తగ్గుట. ఆరోగ్యవంతునకు ఒకచోట నొప్పి కలిగించినచో మరియొకచోటి నొప్పి కొంత అణగును. ఈ సహజమైన అణచివేత రోగులలో అనేకులకు సరిగా పనిచేయదు. మూడవది, వార్తలను మోయు రసాయనములు హెచ్చుట. నొప్పి వార్తను అందించు సబ్‌స్టెన్స్ పి అను పదార్థము రోగుల వెన్నుపాము ద్రవములో ఆరోగ్యవంతులకంటె సుమారు మూడురెట్లున్నట్లు 1994లో తేలినది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదను. ఈ మర యెంత త్రిప్పబడినదో, వ్యాధి తీవ్రత అంతయేనా? చాలవరకు అవును, పూర్తిగా కాదు. మెదడులో ఇన్సులా అను భాగము కలదు. దాని వెనుక వైపున గ్లుటమేటు అను ఉద్రేకరసాయనము ఎక్కువగానున్నవారికి తక్కువ ఒత్తిడికే నొప్పి కలుగుచున్నదని 2009లో కనుగొనిరి. స్టాడు బృందమువారే 2003లో మరియొక లెక్క చూపిరి. వేడి స్పర్శ ఆగిన పిదప నిలుచు నొప్పి, నొక్కినచో నొచ్చు స్థానముల సంఖ్య, నొప్పి వలన కలుగు దిగులు కోపములు, ఈ మూడింటిని కలిపి చూచినచో, ఒక రోగికిని మరియొక రోగికిని నడుమ నొప్పిలో కనబడు భేదమున సుమారు సగము వివరింపబడినది. సగము వివరించుట చిన్న విషయము కాదు. మిగిలిన సగము నేటికిని పరిశోధకులకు పనిగా నున్నది.

ఆ మూడింటిలో దిగులు గూడ నున్నదని విని, "అట్లయిన ఇది మనోవ్యాధియే గదా" యని తొందరపడరాదు. దిగులు మరను త్రిప్పు చేతులలో ఒకటి. నొప్పిని కల్పించు నాటకము కాదు. నిద్రలేమి మరియొక చేయి. కెనడాలో హార్వే మోల్డోఫ్స్కీ మొదలగువారు 1975లో ఆరోగ్యవంతులైన యువకులకు వరుసగా కొన్ని రాత్రులు గాఢనిద్ర పట్టకుండ చప్పుళ్ళు చేసిరి. వారికి గూడ కండరముల నొప్పులు, అలసట కలిగినవి. చక్కగా నిద్రపోనిచ్చిన తరువాత తగ్గినవి. ఏ దెబ్బయు తగులలేదు, ఏ చింతయు లేదు. నిద్ర చెడినంతనే ఒళ్ళు నొచ్చినది. నొప్పి నిద్రను చెరచును, చెడిన నిద్ర నొప్పిని పెంచును, పెరిగిన నొప్పి దిగులును తెచ్చును. గానుగెద్దువలె రోగి ఆ చుట్టులోనే తిరుగుచుండును.

ఇందువలననే వైద్యులు వ్యాధిని కొలుచు పద్ధతిని మార్చుకొనిరి. 1990లో అమెరికా రుమటాలజీ కళాశాల యేర్పరచిన నిబంధన ప్రకారము శరీరముపై 18 స్థానములను 4 కిలోల ఒత్తిడితో నొక్కి, 11 చోట్ల నొప్పి యున్నచో వ్యాధి కలదనెడివారు. 2010లో ఆ పద్ధతికి బదులు మరియొకటి వచ్చినది. 2016లో అది సవరింపబడినది. దీనిలో నొప్పి వ్యాపించిన ప్రదేశములకు 19 వరకు, అలసట, నిద్ర, మరపు మొదలగు లక్షణములకు 12 వరకు, మొత్తము 31 మార్కులుండును. దీని వలన ఒక గొప్ప సంగతి బయటపడినది. ఈ వ్యాధి ఉన్నది లేదు అను రెండు మాటలతో తీరునది కాదు. జ్వరమునకు డిగ్రీలున్నట్లు దీనికిని మెట్లు కలవు. కీళ్ళవాతమున్న వారికి, మోకాళ్ళరుగుదల యున్నవారికి గూడ ఈ మర కొంత హెచ్చియుండవచ్చును. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2015లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, మోకాలు లేక తుంటి మార్పిడి శస్త్రచికిత్సకు ముందు ఈ మార్కులు ఎక్కువగానున్నవారికి, చికిత్స తరువాత నొప్పి తక్కువగా తగ్గినది. మార్కులు వ్యాధి నిర్ణయమునకు చాలనివారిలో గూడ ఇట్లే జరిగినది. లక్షలు ఖర్చుపెట్టి కీలు మార్పించుకొన్నను నొప్పి పోలేదను మాట మీరు వినియుందురు. అన్ని సందర్భములలోను కాకపోయినను, కొన్నింటిలో చెడినది కీలు మాత్రమే కాదని గ్రహింపవలెను.

శాస్త్రము ఇంతటితో ముగిసినదని చెప్పుట న్యాయము కాదు. 2013 మొదలు జరిగిన పరిశోధనలలో, రోగులలో కొందరికి చర్మములోని సన్నని నరములు పలుచబడినట్లు కనబడినది. 2021లో ఇంగ్లండు, స్వీడను శాస్త్రజ్ఞులు రోగుల రక్తములోని ప్రతిరక్షక పదార్థమును ఎలుకలకు ఎక్కించగా, ఆ ఎలుకలకు ఒత్తిడియు చలియు ఎక్కువగా బాధ కలిగించినవి. కావున మర త్రిప్పబడుటకు మూలము కొందరిలో మెదడునకు వెలుపల గూడ నుండవచ్చును. వాదములు సాగుచున్నవి. కాని ఒక విషయమున వాదము లేదు: ఈ నొప్పి కల్పితము కాదు.

ఇక చేయవలసినదేమి? మొదటిది, ఒళ్ళు నొప్పులన్నియు ఇదే యని ఇంటిలో కూర్చుండి నిర్ణయింపరాదు. కీళ్ళు వాచినను, జ్వరము వచ్చుచున్నను, బరువు తగ్గుచున్నను, కాలు చేయి బలము తప్పినను వెంటనే వైద్యుని చూడవలెను. థైరాయిడు లోపము, కీళ్ళవాతము మొదలగునవి లేవని ఆయన తేల్చవలెను. ఒకసారి సరిగా తేలిన పిదప, అవే పరీక్షలను ఊరూరను మరల చేయించుట ధనవ్యయమే.

రెండవది, నడక. ఐరోపా రుమటాలజీ సంఘమువారు 2017లో చికిత్సలన్నింటిని తూచి, గట్టిగా సిఫారసు చేసినది ఒక్క వ్యాయామమునే. అయితే మొదటిదినమే మైలు నడచినచో మరునాడు లేవలేరు. అయిదు నిమిషములతో ఆరంభించి, వారమునకు కొంత చొప్పున పెంచుకొనవలెను. బాగున్ననాడు పనియంతయు మీద వేసికొనుట, బాగులేనినాడు మంచము దిగకపోవుట, రెండును కూడవు. మూడవది, ప్రతిదినము ఒకే వేళకు పండుకొని ఒకే వేళకు లేచుట. నాలుగవది, మందులు. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2007లో ప్రెగాబలిన్‌ను, 2008లో డ్యులాక్సెటీన్‌ను, 2009లో మిల్నాసిప్రాన్‌ను ఈ వ్యాధికి అంగీకరించినది. ఇవి గాయమును మాన్పునవి కావు, మరను కొంత తగ్గించునవి. అందరికిని సరిపడవు, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. స్టెరాయిడు సూదిమందులును, నల్లమందు జాతి మాత్రలును ఈ వ్యాధికి మేలుకంటె కీడే ఎక్కువ చేయును.

అయిదవది మందుల అంగడిలో దొరకునది కాదు. అది ఇంటివారి నమ్మకము. మీ ఇంటిలో కోడలు గాని, తల్లి గాని, అన్నగారు గాని ఒళ్ళు నొప్పులనినప్పుడు, "పరీక్షలో ఏమియు లేదు" అను మాటను "నీకు ఏమియు లేదు" అను మాటగా మార్చకుడు. ఆ రెండింటికి చాల దూరము కలదు. బరువైన బిందె నొకరు అందుకొనుడు. సాయంకాలము నడకకు ఒకరు తోడుపొండు. ఈ నమ్మకము ఒక్కటే వ్యాధిని కుదుర్చునని నేను చెప్పుట లేదు. అయితే నమ్మబడని మనిషి ప్రతిదినము తన నొప్పిని రుజువు చేసికొనవలసి వచ్చును. అట్లు రుజువు చేయుటలోనే ఆ మనిషి దిగులును, నిద్రలేమియు పెరుగును. అవి మరను త్రిప్పు చేతులని మనవి చేసియున్నాను. ఆ చేతులలో ఒకదానిని తొలగించు శక్తి మన యందే యున్నది.

తనదాకా వచ్చిన గాని తెలియదని మనవారందురు. అన్ని బాధలును మనదాకా వచ్చువరకు వేచియుండనక్కర లేకుండ, ఇతరుల బాధను ముందుగనే తెలిసికొనుటకు పెద్దలు ఏర్పరచిన సాధనమే పుస్తకము. ఈ గ్రంథాలయములో ఆరోగ్యశాస్త్ర గ్రంథములకు ఒక ప్రత్యేకమైన బీరువా యుండవలెననియు, వారమునకు ఒకనాడు చదువురానివారికి వానిని చదివి వినిపింపవలెననియు కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. ఈ సంస్థ స్వర్ణోత్సవమును గూడ ఇట్లే జరుపుకొనవలెనని కోరుచు విరమించుచున్నాను.